సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రాలను మన సరిహద్దు ఊళ్ళ నుంచి గుర్తించడం ఎలా?

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి, గునుపురం, రాయగడ ప్రాంతాల నుంచి ఏటా వేసవిలో నన్ను రెండే ప్రశ్నలు అడుగుతుంటారు. సూర్యుడి తరువాత మనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న నక్షత్రం ఏది, దానిని మన ఊరి నుంచి చూడగలమా అన్నది మొదటిది. అక్కడ ప్రాణులు ఉండే వీలుందా అన్నది రెండవది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం కంటే, చేయవలసిన పనిని వరుసగా రాసి పెట్టడం మేలనిపించింది. ఇందులో చెప్పిన పద్ధతి మహారాష్ట్ర వైపున సిరోంచ, చంద్రపూర్ పరిసరాల్లో ఉన్న తెలుగువారికి కూడా అలాగే పనికివస్తుంది, ఎందుకంటే వారి అక్షాంశమూ మనదీ దాదాపు ఒకటే.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి తెలిస్తే చాలు. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ. దాని దూరం 4.24 కాంతి సంవత్సరాలు (కాంతి ఒక ఏడాదిలో పోయే దూరమే ఒక కాంతి సంవత్సరం). అయితే అది ఎర్ర మరుగుజ్జు, అంటే చిన్నదీ చల్లనిదీ అయిన నక్షత్రం, కంటికి అందే హద్దు కంటే సుమారు 100 రెట్లు మసకగా ఉంటుంది కనుక ఎంత చీకటి రాత్రి అయినా కనిపించదు. కంటికి కనిపించే వాటిలో అతి దగ్గరిది దాని తోడబుట్టిన ఆల్ఫా సెంటారీ, దూరం 4.37 కాంతి సంవత్సరాలు. మనం వెతకబోయేది దీనినే. ఢిల్లీలో ఇది దిగంతాన్ని అంటుకొని ఉండిపోతుంది కాబట్టి అక్కడివారికి చూసే అదృష్టం దాదాపు లేదు. మనకు ఉంది.

కావలసినవి

ఒక 30 సెంటీమీటర్ల స్కేలు, 57 సెంటీమీటర్ల గట్టి దారం, దిక్సూచి (ఫోనులో ఉన్నదైనా సరే), ఎర్ర కాగితం చుట్టిన టార్చిలైటు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు. బైనాక్యులర్ ఉంటే మంచిదే కానీ లేకపోతే పని ఆగదు. ఫోనులో స్టెల్లేరియం వంటి ఆకాశపటం యాప్ ఉంచుకోవచ్చు. అయితే దానిని చివర సరిచూసుకోవడానికే వాడండి. మొదటి నుంచీ తెర వంక చూస్తూ ఉంటే కళ్ళు చీకటికి అలవాటు పడవు.

దారాన్ని స్కేలు చివర ఉన్న రంధ్రానికి కట్టి, రెండో కొసను కంటి కింద చెంప ఎముకకు ఆనించి, బిగువుగా చాపి పట్టుకోండి. ఆ దూరంలో స్కేలు మీద ఒక సెంటీమీటరు ఆకాశంలో ఒక డిగ్రీతో సమానం. నమ్మకం కుదరకపోతే పున్నమి చంద్రుణ్ణి కొలవండి, అర సెంటీమీటరే వస్తుంది. ఇదేమీ చిన్నపిల్లల ఆట కాదు. ఒడిశాలోని ఖండపడాకు చెందిన పఠాణి సామంత (1835–1904) టెలిస్కోపు లేకుండా, కర్రలతో చేసుకున్న ఇటువంటి కొలమానాలతోనే గ్రహగతులను ఆశ్చర్యపోయేంత కచ్చితంగా లెక్కగట్టారు.

1. మీ ఊరి లెక్క కట్టండి

29.2 నుంచి మీ ఊరి అక్షాంశాన్ని తీసివేయండి. వచ్చిన అంకె, ఆల్ఫా సెంటారీ మీ ఊళ్ళో దక్షిణాన ఎక్కే గరిష్ఠ ఎత్తు, డిగ్రీలలో. పర్లాకిమిడికి 10.4, గునుపురానికి 10.1, రాయగడకు 10, బరంపురానికి 9.9, జయపురానికి 10.3, మల్కన్‌గిరికి 10.8, సిరోంచకు 10.3, చంద్రపూర్‌కు 9.2 వస్తుంది. అంటే చాచిన చేతి చివర పిడికిలి ఎంత ఎత్తు ఉంటుందో, నేలకు పైన అంత ఎత్తున మాత్రమే ఈ చుక్క కనిపిస్తుంది. ఎక్కువమంది విఫలం కావడానికి కారణం ఇదే. వారు తల ఎత్తి వెతుకుతారు. ఇది మాత్రం తాటిచెట్ల మొవ్వుల దగ్గర ఉంటుంది.

2. పగటిపూటే చోటు ఎంచుకోండి

సాయంత్రం వెలుతురు ఉండగానే మీరు నిలబడబోయే చోటికి వెళ్ళి, దిక్సూచితో దక్షిణాన్ని గుర్తించి, అటువైపున్న కొండ గాని తోపు గాని మేడ గాని ఎంత ఎత్తు ఆక్రమించిందో స్కేలుతో కొలవండి. 5 సెంటీమీటర్లలోపు అయితే ఆ చోటు పనికివస్తుంది. 8 దాటితే వేరే చోటు చూసుకోవడం మంచిది. మన జిల్లాలు కొండల నడుమ ఉన్నవి కాబట్టి ఈ కొలత తప్పనిసరి. వంశధార ఇసుక తిన్నెలు, పెద్ద చెరువు ఉత్తరపు గట్టు, కోత అయిపోయిన కళ్ళం వంటివి అనుకూలంగా ఉంటాయి. ఊరు మీకు ఉత్తరాన, చీకటి పొలాలు దక్షిణాన ఉండేటట్లు నిలబడండి. ఊరికి ఉత్తరపు చివర నిలబడితే ఊరి దీపాల వెలుగంతా సరిగ్గా మీరు చూడవలసిన చోటనే పడుతుంది.

హెచ్చరిక: ఏనుగులు, ఎలుగుబంట్లు తిరిగే తావులకు రాత్రివేళ ఎట్టి పరిస్థితులలోనూ వెళ్ళవద్దు. చెరువు గట్టున కూడా పాములుంటాయి కనుక చెప్పులతో కాకుండా బూట్లతో, ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురుగా వెళ్ళండి. అంత శ్రమ ఎందుకనుకుంటే దక్షిణం తెరిపిగా ఉన్న మేడ పైకప్పు చాలు.

3. రాత్రిని, గంటను నిర్ణయించుకోండి

ఈ నక్షత్రం సరిగ్గా దక్షిణాన, తన గరిష్ఠ ఎత్తుకు వచ్చే వేళ ఏప్రిల్ 15న రాత్రి ఒంటి గంట, మే 1న పన్నెండు, మే 15న పదకొండు, జూన్ 1న పది, జూన్ 15న తొమ్మిది. రోజుకు నాలుగు నిమిషాల చొప్పున ముందుకు జరుగుతుంది. ఉదయించి అస్తమించేలోపు సుమారు ఏడు గంటలు ఆకాశంలో ఉన్నా, పొగమంచు పొరల పైన ఉండేది మధ్యలోని నాలుగు గంటలే. కాబట్టి చెప్పిన వేళకు గంటన్నర అటూ ఇటూ దాటవద్దు.

వెన్నెల ఉండకూడదు. అన్నిటికంటే అనువైనది వైశాఖ అమావాస్య, దానికి ముందు వెనుక నాలుగైదు రోజులు. ఇక్కడ మనవాళ్ళు తరచుగా పొరబడుతుంటారు. మనది అమావాస్యతో ముగిసే నెల, ఒడియా పంజికలో (పంచాంగంలో) పున్నమితో ముగిసే నెల. అందుచేత మన వైశాఖ బహుళం వారికి జ్యేష్ఠ కృష్ణపక్షం అవుతుంది. గోడకు ఒడియా క్యాలెండర్ ఉన్న ఇంట్లో నెల పేరు చూడకుండా సావిత్రి అమావాస్య ఎప్పుడో చూడండి, రెండూ ఒకే రోజు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో పోడు మంటల పొగ, మేలో ధూళి దిగంతాన్ని మూసివేస్తాయి. సాయంత్రం గాలివాన వచ్చి వెలిసిన రాత్రిని మాత్రం వదులుకోవద్దు. వాన ధూళిని కడిగేసిన ఆ రెండు మూడు గంటల్లో కనిపించినంత స్పష్టంగా మిగతా నెలంతా కనిపించదు.

4. జంట చుక్కలను పట్టుకోండి

దక్షిణానికి తిరిగి ఇరవై నిమిషాలు కళ్ళను చీకటికి అలవాటు చేసుకోండి. పిడికిలి ఎత్తున, పక్కపక్కనే రెండు ప్రకాశవంతమైన చుక్కలు కనిపిస్తాయి. సరిగ్గా చెప్పిన వేళకు చూస్తే రెండూ ఒకే ఎత్తున, ఎవరో గట్టు మీద రెండు లాంతర్లు పెట్టినట్లు ఉంటాయి. గంట ముందు చూస్తే కుడిదానికంటే ఎడమది కిందికి, గంట తరువాత చూస్తే పైకి ఉంటుంది. ఎడమదే, అంటే తూర్పున ఉన్నదే, ఆల్ఫా సెంటారీ. కుడిది బీటా సెంటారీ.

ఈ ఎడమ కుడుల విషయంలో నేను సిగ్గుపడవలసిన పని ఒకటి చేశాను. మొదటి రెండేళ్ళు కుడి చుక్కనే చూపించి, "ఇదే మనకు పొరుగు సూర్యుడు" అని పిల్లలకు చెప్పాను. బీటా సెంటారీ దూరం సుమారు 390 కాంతి సంవత్సరాలు. అంటే పక్కింటివారిని చూపించమంటే తొంభై ఇళ్ళ అవతలివారిని చూపించినట్లయింది. మూడో ఏడు ఒక పదో తరగతి అమ్మాయి రెండింటినీ బొమ్మ వేసి, "ఎడమదే ఎక్కువ వెలుగుతోంది కదా సార్, మరి ఇది కాదా?" అని అడిగింది. ఆ అమ్మాయే నోటుపుస్తకంలో లెక్క కట్టి, ఆ రాత్రి తన కంటిలో పడిన వెలుగు తాను ఆరో తరగతి చదువుతుండగా బయలుదేరిందని రాసుకుంది.

5. సరైనదేనా అని పరీక్షించండి

మొదటి పరీక్ష: రెండు చుక్కల నడుమ దూరాన్ని స్కేలుతో కొలవండి. 4.4 సెంటీమీటర్లు రావాలి. 4, 5ల మధ్య ఏది వచ్చినా సరిపోయినట్లే. పది వచ్చిందంటే మీరు వేరే చుక్కలను చూస్తున్నారు.

రెండవ పరీక్ష: ఎడమ చుక్క నుంచి కుడి చుక్క మీదుగా గీత గీసినట్లు ఊహించి, మరో 9, 10 సెంటీమీటర్లు కుడికి, కాస్త కిందికి సాగండి. నాలుగు చుక్కల త్రిశంకువు (సదరన్ క్రాస్) కుడికి ఒరిగిపోతూ కనిపించాలి. దాని అడుగు చుక్క అప్పటికే నాలుగు డిగ్రీలకు దిగిపోయి ఉంటుంది కనుక ధూళి ఉన్న రాత్రి పై చుక్కలు మాత్రమే దొరకవచ్చు. త్రిశంకువును నిటారుగా చూడాలంటే రెండు గంటలు ముందు రావాలి.

మూడవ పరీక్ష: పక్కనున్న చెట్టు కొమ్మను గుర్తుగా పెట్టుకొని అరగంట ఆగండి. నక్షత్రమైతే కుడికి జరుగుతుంది. సెల్‌టవరు దీపం జరగదు. దిగంతం దగ్గర కనిపించే ప్రతి ఎర్రని వెలుగునూ ముందు అనుమానించాలి, ఎందుకంటే అంత కిందున్న నక్షత్రం కూడా మెరుస్తూ, పసుపు ఎరుపు రంగులు మారుస్తూ అచ్చం దీపంలాగే ఉంటుంది.

శీతాకాలంలో దక్షిణాన తెల్లగా వెలిగే అగస్త్య నక్షత్రాన్ని చూసి ఇదే అనుకోవడం మరొక సాధారణ పొరపాటు. అగస్త్యం మన ఊళ్ళలో 18 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది, జంట చుక్క ఉండదు, దూరం 300 కాంతి సంవత్సరాల పైమాటే.

చిన్న టెలిస్కోపు ఉంటే గాలి నిలకడగా ఉన్న రాత్రి సుమారు 100 రెట్ల పెద్దదిగా చూడండి. ఒక్క చుక్క రెండుగా విడిపోతుంది. ఒకటి మన సూర్యుడి వంటిది, రెండవది కొంచెం చిన్నది, నారింజ రంగుది. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి సుమారు 80 ఏళ్ళు పడుతుంది. ఈ జంటను మొదట కనిపెట్టింది కూడా మన దక్షిణ దేశం నుంచే. 1689లో పుదుచ్చేరిలో తోకచుక్కను పరిశీలిస్తున్న రిషో అనే ఫ్రెంచి మతగురువు దీనిని రెండు నక్షత్రాలుగా గుర్తించాడు. ప్రాక్సిమా కోసం మాత్రం చిన్న టెలిస్కోపుతో ప్రయత్నించి రాత్రి పాడుచేసుకోవద్దు.

6. శీతాకాలంలో మరి నాలుగింటిని చూడండి

జనవరి మొదటి వారం నుంచి సంక్రాంతి వరకు, రాత్రి ఎనిమిది గంటలకు, దగ్గరి నక్షత్రాలు నాలుగు ఒకేసారి ఆకాశంలో ఉంటాయి. లుబ్ధకం (సిరియస్) తూర్పు ఆగ్నేయాన రెండు పిడికిళ్ళ ఎత్తున ఉంటుంది. ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం కాబట్టి వెతకనవసరం లేదు. దూరం 8.6 కాంతి సంవత్సరాలు. దానికి ఎడమగా, తూర్పు వైపున ఇంకా తక్కువ ఎత్తులో ఉన్నది ప్రోసియన్, దూరం 11.5.

మిగతా రెండూ మసకవి, వాటికి ఓపిక కావాలి. మృగవ్యాధుడి (ఓరియన్) నడుములో వరుసగా ఉన్న మూడు చుక్కలకు కుడివైపున తెల్లగా వెలిగే రిగెల్‌ను పట్టుకొని, అక్కడి నుంచి పడమటి వైపుకు, అంటే ఆ వేళలో పైకి, 25 సెంటీమీటర్లు కొలవండి. అక్కడ ఇంచుమించు ఒకే వెలుగుతో రెండు చుక్కలు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. పడమటిది, కాస్త మసకది ఎప్సిలాన్ ఎరిడాని, 10.5 కాంతి సంవత్సరాలు. టౌ సెటీ కోసం నైరుతిలో ఒంటరిగా వెలిగే డిఫ్డాను చూసుకొని, దాని నుంచి తూర్పుకు 15 సెంటీమీటర్లు జరగండి. 11.9 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఇది చూడటానికి ఏ ప్రత్యేకతా లేని చుక్క. కానీ 1960లో ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపుతో వేరే లోకాల సంకేతాల కోసం మొట్టమొదటగా చెవి ఒగ్గింది ఈ రెండు మసక చుక్కల వైపే, లుబ్ధకం వైపు కాదు. అందుకు కారణం తరువాతి మెట్టులో ఉంది.

7. జీవానికి అవకాశం ఉందా అని తూచండి

ప్రతి నక్షత్రానికీ మూడు ప్రశ్నలు వేసుకోండి. వయసు సరిపోతుందా? వెలుగు నిలకడగా ఉందా? గ్రహం నిర్ధారణ అయిందా? మొదటి రెండింటికి సమాధానం దొరకకుండా మూడవదానికి పరుగెత్తవద్దు.

వయసు ముఖ్యమని ఎందుకంటున్నానంటే, భూమి మీద దొరికిన జీవపు పాత ఆనవాళ్ళు సుమారు 350 కోట్ల ఏళ్ళవి. అప్పటికి భూమికే వంద కోట్ల ఏళ్ళు వచ్చాయి. లుబ్ధకం వయసు పాతిక కోట్ల ఏళ్ళలోపే. పైగా దాని పక్కనున్న తెల్ల మరుగుజ్జు ఒకప్పుడు పెద్ద నక్షత్రంగా వెలిగి చనిపోయినదే. కాబట్టి ఎంత వెలిగినా లుబ్ధకాన్ని పక్కన పెట్టవచ్చు. ఎప్సిలాన్ ఎరిడానికి కూడా వంద కోట్ల ఏళ్ళు నిండలేదు, చుట్టూ ఇంకా ధూళి వలయం ఉంది. టౌ సెటీ వయసులో పెద్దది, సూర్యుడి వంటిది, నిలకడైనది. దాని చుట్టూ గ్రహాలున్నాయని ప్రకటనలు వచ్చాయి కానీ నిర్ధారణ కాలేదు.

ప్రాక్సిమా విషయమే అందరూ అడుగుతారు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. 2016 ఆగస్టులో దాని చుట్టూ భూమి కంటే కొంచెం ఎక్కువ కనీస బరువు గల గ్రహం ఉన్నట్లు ప్రకటించారు. ఆ గ్రహానికి ఏడాది అంటే 11.2 రోజులు, భూమికీ సూర్యుడికీ ఉన్న దూరంలో ఇరవయ్యో వంతు దూరంలో తిరుగుతుంది. నక్షత్రమే చల్లనిది కనుక, అంత దగ్గరగా ఉన్నా భూమికి అందే వేడిలో మూడింట రెండు వంతులే దానికి అందుతుంది. దీనినే ఆవాసయోగ్య మండలంలో ఉన్న గ్రహం అంటారు. ఈ మాటకు అర్థం నీరు ద్రవంగా ఉండగల దూరం అని మాత్రమే. నీరు ఉందని గాని, గాలి ఉందని గాని కాదు. పొయ్యికి సరైన దూరంలో కుండ పెట్టారని తెలిసినంత మాత్రాన అందులో బియ్యం ఉన్నాయని చెప్పలేము కదా. ఇక వెలుగు నిలకడ ప్రశ్న వేస్తే ప్రాక్సిమా తడబడుతుంది. దాని మీద పెద్ద జ్వాలలు తరచుగా ఎగుస్తాయి. 2016 మార్చిలో ఒక జ్వాల వేళ అది కొద్ది నిమిషాల పాటు మామూలు కంటే పదుల రెట్లు ప్రకాశించింది. అటువంటి దెబ్బలకు గ్రహం మీది వాతావరణం నిలిచిందో లేదో ఇంతవరకు తేలలేదు.

ఆల్ఫా సెంటారీ జంట వయసు సుమారు 500 కోట్ల ఏళ్ళు, వెలుగు నిలకడైనది. మూడు ప్రశ్నలలో రెండింటికి మంచి మార్కులే. మూడవదాని దగ్గరే జాగ్రత్త అవసరం. 2012లో ఈ జంటలోని చిన్నదాని చుట్టూ గ్రహం ఉందని గొప్పగా ప్రకటించారు. 2015లో అది గణనలో పుట్టిన భ్రమ అని తేలింది. 2025 ఆగస్టులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిశీలనల ఆధారంగా పెద్దదాని చుట్టూ శని వంటి వాయుగ్రహం ఉండవచ్చన్నారు. అది ఇంకా అభ్యర్థి మాత్రమే, అంటే నిర్ధారణ కావలసి ఉన్నది. 5.96 కాంతి సంవత్సరాల దూరంలోని బర్నార్డ్ నక్షత్రం కథ ఇంకా పొడవు. గత శతాబ్దంలో ఒకసారి, 2018లో మరొకసారి దాని చుట్టూ గ్రహం ఉందని చెప్పి, రెండుసార్లూ నిలబెట్టుకోలేకపోయారు. చివరకు 2024, 2025లలో నాలుగు చిన్న గ్రహాలు నిలబడ్డాయి. అన్నీ నక్షత్రానికి మరీ దగ్గర, ఏడాది అంటే ఏడు రోజులలోపే. జీవానికి తగనంత వేడివి.

కనుక "రెండో భూమి దొరికింది" అనే వార్త కనబడినప్పుడు అందులో నిర్ధారణ అన్న మాట ఉందా, అభ్యర్థి అన్న మాట ఉందా అని చూసి, నోటుపుస్తకంలో తేదీతో రాసుకోండి. రెండేళ్ళ తరువాత అదే పేజీ తిరగేస్తే సగం కొట్టివేయవలసి రావచ్చు. అక్కడికి వెళ్ళలేమా అని అడిగేవారికి నా దగ్గరున్న లెక్క ఇది: సెకనుకు 17 కిలోమీటర్లు పోతున్న వాయేజర్ 1 అంతరిక్ష నౌక వేగంతో ప్రాక్సిమా అంత దూరం పోవడానికి సుమారు 75 వేల ఏళ్ళు పడుతుంది.

8. మే నెల తప్పిపోతే

మబ్బుల వల్లనో పెళ్ళిళ్ళ వల్లనో వేసవి చేజారితే, మరుసటి శివరాత్రి వరకు ఆగండి. ఆ రాత్రి చంద్రుడు తెల్లవారబోతుండగా సన్నని రేఖగా మాత్రమే వస్తాడు, ఎలాగూ జాగరణ ఉంటుంది. ఫిబ్రవరి మధ్యలో శివరాత్రి వస్తే తెల్లవారుజామున 4.50కి, నెలాఖరున వస్తే 4 గంటలకు జంట చుక్కలు సరిగ్గా దక్షిణాన నిలుస్తాయి. పల్లంలో మంచు కమ్ముకొని ఉంటుంది కనుక గట్టు మీద కంటే ఎత్తయిన చోట ఉండటం మంచిది. మహేంద్రగిరి యాత్రకు వెళ్ళేవారికి ఇది ఇంకా అనుకూలం. 1,501 మీటర్ల ఎత్తు నుంచి మంచు పొర కాళ్ళ కింద ఉండిపోతుంది, దక్షిణ దిగంతమూ కొంచెం కిందికి జరుగుతుంది. గుడి దీపాలకు వీపు పెట్టి నిలబడండి. దారం కట్టిన స్కేలు సంచిలో వేసుకోవడం మరచిపోవద్దు. కిందటి శివరాత్రికి నేను మరచిపోయి అగ్గిపెట్టెతో కొలవవలసి వచ్చింది.